తేమ ఇరవై రెండు శాతం మించరాదు

కొత్త ఎం.డీ. కోదండపాణి గారు ఆ వేసవిలో ట్రైనింగుకి వెళ్ళకపోయి ఉంటే, బెజవాడ గోనెసంచుల ఆఫీసుకి మంచుకొండతో పని పడేదే కాదు. ఆ ఆఫీసు చేసే పనల్లా గోనెసంచులు కొనడం, గొల్లపూడి గోడౌన్లో పేర్చడం, వడ్ల సీజన్లో అడిగినవాళ్ళకి పంపడం, చిరిగినవి వెనక్కొస్తే చిరిగాయని రాసుకోవడం. అక్కడ పనిచేసేవాళ్ళ పెళ్ళిబట్టల్లో కూడా గోనె వాసన వస్తుందని వాళ్ళ ఇళ్ళల్లో అంటుంటారు. అలాంటి ఆఫీసుకి ఎం.డీ. గారు తిరిగొచ్చిన సోమవారం పొద్దున్నే అందర్నీ మీటింగు హాల్లో కూర్చోబెట్టి, శబ్దం వస్తోందని ఏసీ ఆపించి, కళ్ళు మూసుకోమన్నారు.

"ఇప్పుడు మీ ముందు ఒక పెద్ద కొండ. దాని కింద ఒక సరస్సు. ఏమనిపిస్తోంది?"

వెనక వరసలోంచి ఎవరో, "చెమట పడుతోంది సార్," అన్నారు.

"అదే మన సమస్య," అన్నారు ఎం.డీ. గారు, చాలా బాధగా.

ట్రైనింగులో ఆయనకి ఒక గడ్డం పెద్దమనిషి చెప్పాడట, కొండని చూసినవాడి ఆలోచన ఎత్తుకి వెళుతుందనీ, సరస్సుని చూసినవాడి మనసు తేటపడుతుందనీ, ఈ రెండూ ఒకేచోట చూసినవాడు ఏ ఫైలునీ రెండోరోజుకి ఉంచడనీ. మరి మన దేశంలో కొండలూ చెరువులూ లేవా అని ఈయన అడిగితే, ఉన్నాయిగానీ వాటిని చూసి అలవాటైపోయింది కాబట్టి పనిచేయవు, విదేశానివైతేనే పట్టు ఉంటుంది అన్నాడట. ఆ సాయంత్రమే ఆఫీసు ఆర్డరు వచ్చేసింది. కొండల గురించి ఆర్డరు రాయడం స్టెనోకి కొత్త కాబట్టి, కిందటేడు సంచులు కొన్నప్పటి ఆర్డరు తీసి, సంచులన్నచోటల్లా కొండ, సరస్సు అని పెట్టి టైపు కొట్టేశాడు.

"సిబ్బందియందు ఔన్నత్యమును, నిర్మలత్వమును పెంపొందించు నిమిత్తము, విదేశమునకు చెందిన పర్వతము ఒకటి, సరోవరము ఒకటి సేకరించి వినియోగములోనికి తెచ్చుటకు ఇందుమూలముగా అనుమతించడమైనది. ఇది సిబ్బంది ఆరోగ్యమునకు సంబంధించినది గనుక ధరను పరిగణనలోనికి తీసుకొనరాదు."

అందులో కొండని 'సేకరించి' అనడం కాస్త తేడాగా ఉందని స్టాకు సెక్షన్లో హంసవేణికి అనిపించకపోలేదు. కానీ అప్పటికే ఆమె కాళ్ళు నేలమీద లేవు.

ఎందుకంటే హంసవేణి కంప్యూటరు తెరమీద ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఒకే బొమ్మ ఉంది. స్లొవేనియా దేశంలో బ్లెడ్ అనే సరస్సు. పచ్చ, నీలం కలిసిన నీళ్ళు, మధ్యలో అరచేతంత దీవి, దీవిమీద సూదిలాంటి శిఖరంతో చర్చి, ఒడ్డున గుట్టమీద పాత కోట, వెనకాల తెల్లగా వరసకట్టిన మంచుకొండలు. ఆ చర్చిలో గంట మోగించి ఏదైనా కోరుకుంటే జరుగుతుందని అక్కడ ఒక నమ్మకం ఉందని ఆమె ఎక్కడో చదివింది. సంచుల లెక్కల ఫైలు మూసినప్పుడల్లా, ఇంకో ఫైలు తెరిచేలోగా, ఆ సరస్సు ఒక్క క్షణం కనిపిస్తుంది. ఆ క్షణం కోసం ఆమె అవసరం లేకపోయినా ఫైళ్ళు మూసి తెరుస్తూ ఉండేది, దాంతో సెక్షన్లో అందరికంటే కష్టపడే అమ్మాయి అని ఆమెకి పేరు కూడా వచ్చింది.

ఇంట్లో ఆమె ఉండేది పిన్ని రాజ్యలక్ష్మి దగ్గర. సత్యనారాయణపురంలో బ్యూటీ పార్లరు నడిపే ఈ పిన్నికి సరస్సు గురించి విని విని విసుగొచ్చింది. "నీళ్ళే కావాలంటే బ్యారేజీ దగ్గర బోలెడున్నాయి, కొండంటావా వెనకాల అమ్మవారి కొండే ఉంది, సాయంత్రం తీసుకెళ్తాను, ఐస్‌క్రీం కూడా పెట్టిస్తా, ఇక ఊరుకుంటావా?" అనేది. కానీ ఆర్డరు సంగతి తెలిశాక ఆ పిన్నే ముందు హడావుడి పడింది. మే నెల మిట్టమధ్యాహ్నం బీసెంట్ రోడ్డుకి వెళ్ళి స్వెట్టరు అడిగితే, షాపువాడు ఆవిణ్ణి ఫ్యాను కింద కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చి, ఇంటినుంచి ఎవరైనా వస్తారా అమ్మా అని అడిగాడు. అయినా అటకమీంచి దింపించి, నెమలికంఠం రంగుది ఒకటి పట్టుకొచ్చింది. రాత్రి దాన్ని వేసుకుని అద్దంలో చూసుకున్న హంసవేణి, ఈసారిగానీ వెళ్ళకపోతే ఇక జన్మలో వెళ్ళను అనుకుంది. తన అంతట తను వెళ్ళే స్తోమత ఎలాగూ లేదు. పైగా ఆర్డరు చివర్లో, ఈ పథకం సర్వీసు మొత్తంలో ఒక్కసారే వర్తిస్తుందని కూడా రాసి ఉంది.

చోటు ఎంపికకి కమిటీ వేశారు. ఎం.డీ. గారు అధ్యక్షులు, పర్చేజ్ మేనేజరు కైలాసరావు గారు సభ్యులు, ఇంటర్నెట్ తెలుసు కాబట్టి హంసవేణి కన్వీనరు. ఇక ఆఫీసులో గోనె మాట ఎత్తినవాడు లేడు. డ్రైవరు స్విట్జర్లాండు అన్నాడు, ఎందుకంటే మంచులో పల్చటి చీర కట్టుకుని డాన్సు చేసినా హీరోయిన్లకి జలుబు చెయ్యని దేశం అదొక్కటే. అకౌంట్స్ వకుళ గారు నేపాల్లో పోఖరా అన్నారు, సరస్సుకి సరస్సు, అటునుంచటే ముక్తినాథ్ దర్శనం. క్యాషియరుకి కెనడా కావాలి, అక్కడ హోటలు కిటికీలోంచే మొత్తం కనిపిస్తుందట, మోకాళ్ళ నొప్పులవాళ్ళకి మంచిది. యూనియన్ నాయకుడు మాత్రం న్యూజిలాండుకి తగ్గేది లేదన్నాడు. ఎందుకంటే అదే అన్నిటికంటే దూరం, దూరం తగ్గించడమంటే హక్కు తగ్గించడమే. హంసవేణి అందరికీ తలూపుతూ, అందరికీ బ్లెడ్ సరస్సు ఫోటో పంపుతూ పోయింది. వారం తిరిగేసరికి సగం ఆఫీసు ఆ దీవినీ గంటనీ తమ సొంత ఊహలాగే మాట్లాడసాగింది.

అయితే కమిటీ మొదటి మీటింగుకి కైలాసరావు గారు ఎర్రగుడ్డలో చుట్టిన పుస్తకంతో వచ్చారు.

కైలాసరావు గారు సన్నగా, తలకి నూనె రాసుకుని, ఎప్పుడూ నిటారుగా ఉండే మనిషి. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఆయన గోనెసంచి తప్ప ఇంకేదీ కొనలేదు. ఇంటికి కూరగాయలు కొనేటప్పుడు కూడా ముగ్గురి దగ్గర రేటు అడిగి, ఇంటికెళ్ళి ఆలోచించుకుని, మర్నాడు వెళ్ళి కొంటారని, అందుకే వాళ్ళింట్లో ఆకుకూర తినరని చెప్పుకుంటారు. ఆయన ఎర్రగుడ్డ విప్పి, సంస్థ కొనుగోలు నిబంధనావళి అనే ఆ పుస్తకాన్ని బల్లమీద పెట్టి, కళ్ళకద్దుకున్నారు. ఆ పుస్తకం గోనెసంచుల కోసం రాసింది, సంస్థకి ఉన్న పుస్తకం అదొక్కటే.

"సార్, ఇది ట్రిప్పు కదా," అంది హంసవేణి మెల్లగా. "టికెట్లు కొనుక్కుని వెళ్ళిపోతే సరిపోదా?"

"ఆర్డర్లో ఏముందో చూడమ్మా. సేకరించి, అని ఉంది. సరస్సైతే ఏంటి, గోతమైతే ఏంటి? ఆఫీసు కొన్నదల్లా సరుకే."

ఎం.డీ. గారికి ఈ మాట బాగా నచ్చింది. అన్నిటినీ సమానంగా చూడటమే నిర్మలత్వమని ఆయన ట్రైనింగులో విన్నారు.

మొదట సరుకు ఎలా ఉండాలో రాయాలి. పుస్తకంలో ఉన్న పట్టికనే తీసుకున్నారు. పొడవు, వెడల్పు సరే. రంధ్రాలు ఉండరాదు అని ఉంది కాబట్టి గుహలున్న కొండలు పనికిరావన్నారు. నూనె మరకలు ఉండరాదు అన్నది మోటారు పడవలు తిరిగే సరస్సులకి దెబ్బ, అది పర్యావరణానికి మంచిదేనని ఎం.డీ. గారు సంతోషించారు. అంచుల కుట్టు గట్టిగా ఉండవలెను అన్నదగ్గర చాలాసేపు ఆగారు. చివరికి ఒడ్డు జారిపోకుండా ఉండాలి అని అర్థం చెప్పుకుని ముందుకి సాగారు. ఆ తర్వాత వచ్చింది తేమ. తడిసిన సంచి బరువు తూగి మోసం చేస్తుంది కాబట్టి, ఏ సరుకైనా సరే, తేమ ఇరవై రెండు శాతం మించరాదు.

"ఇది మాత్రం తీసేద్దాం సార్," అంది హంసవేణి. "సరస్సు అంటేనే నీళ్ళు కదా."

కైలాసరావు గారు కళ్ళజోడు తీసి ఆమెవైపు చూసిన చూపులో కోపం లేదు. పసిపిల్ల నిప్పుదగ్గరికి పోతుంటే చూసే చూపు అది.

"తేమ నిబంధన తీసేశాం అంటే రేపు ఆడిటువాళ్ళు ఏమనుకుంటారు? ఎవరో తడిసిన సరుకు అంటగట్టడానికే తీసేశాం అనుకోరూ? ఉండనీ. మంచి సరస్సైతే అందులోనే ఇముడుతుంది."

నిబంధన ఉండిపోయింది. హంసవేణి దాన్ని పట్టించుకోవడం మానేసి నమూనా సంగతి చూసుకుంది. పుస్తకం ప్రకారం ముందుగా అందిన నమూనాకి లక్క సీలు వేసి ప్రామాణికంగా బీరువాలో పెడతారు, తర్వాత ఎవరి సరుకు వచ్చినా దాంతోనే పోల్చి చూస్తారు. ఈ ముక్క చదవగానే ఆమె బెంజ్ సర్కిల్ దగ్గర ట్రావెల్స్ నడిపే స్నేహితురాలు నర్గీస్‌కి ఫోను చేసింది. నర్గీస్ కిందటేడు ఒక గ్రూపుని స్లొవేనియా తీసుకెళ్ళొచ్చింది, జ్ఞాపకంగా బ్లెడ్ సరస్సు నీళ్ళు చిన్న సీసాలోనూ, ఒడ్డున దొరికిన తెల్లరాయి ఒకటీ తెచ్చి షోకేసులో పెట్టుకుంది. గంటలో ఆ రెండూ కైలాసరావు గారి బల్లమీద ఉన్నాయి. ఆయన రాయిని గోటితో గీకి, సీసాని వెలుతురుకి పట్టి చూసి, తాడు కట్టి లక్క పోసి సీలు వేశారు. ఆ రోజునుంచీ బీరువా తెరిచినప్పుడల్లా హంసవేణి ఏదో వంకతో అటు వెళ్ళి ఆ సీసాని చూసొచ్చేది.

టెండర్లు తెరిచిన రోజున ట్రావెల్స్ వాళ్ళు చాలామందే వచ్చారు. సంచుల సప్లయరు బుల్లెబ్బాయి కూడా వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నాడు. కాకినాడవైపు మనిషి, తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా. ఈయనెందుకు వచ్చాడా అని హంసవేణి అనుకుంది, కానీ ఆఫీసులో ఏ టెండరు పెట్టినా ఆయన వస్తాడు, కిందటిసారి విరిగిన కుర్చీలు అమ్మడానికి పెట్టినా వచ్చాడు.

అప్పుడు వచ్చిపడింది అసలు చిక్కు. కైలాసరావు గారి పోలిక పట్టికలో చివరి గడి ధర. అందులో అందరికంటే తక్కువ అంకె వేసినవాడికే ఇవ్వాలి, దేవుడు దిగొచ్చినా ఇవ్వాలి. కానీ ధరని పరిగణించకూడదని ఎం.డీ. గారి ఆర్డరు. గడి ఖాళీగా వదిలేస్తే పట్టిక చెల్లదు. కైలాసరావు గారు పెన్ను పట్టుకుని చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసి, ఆ గడిలో కొండ ఎత్తు రాయడం మొదలుపెట్టారు. ఎత్తు కూడా అంకే కదా.

స్విట్జర్లాండు ఏజెంటు తన కొండ రెండువేల మీటర్ల పైమాటే అని గర్వంగా చెప్పాడు. కైలాసరావు గారు పెదవి విరిచారు.

"చాలా ఎక్కువ వేశారండీ. కొంచెం తగ్గించుకోండి."

"సార్, అది కొండండీ."

"అందరూ మొదట అలాగే అంటారు. ఆలోచించుకుని రండి, పోటీ గట్టిగా ఉంది."

హంసవేణి నర్గీస్‌వైపు చూసింది. బ్లెడ్ వెనకున్న కొండలు అంతకంటే ఎత్తు. నర్గీస్ తెలివిగా మంచుకొండల మాట ఎత్తకుండా, ఒడ్డునున్న కోట గుట్ట ఎత్తు చెప్పి చూసింది, అయినా లాభం లేకపోయింది, ఎందుకంటే అప్పటికే మిగతావాళ్ళకి ఆట అర్థమైపోయింది. ఒకడు బయటికెళ్ళి ఫోను చూసుకుని వచ్చి డెన్మార్కు అన్నాడు. ఇంకొకడు మాల్దీవులు అన్నాడు, అక్కడ దేశం మొత్తంలో ఎత్తైన చోటు కూడా తన ఇంటి డాబా అంత ఉండదట. అందరూ అయిపోయిందనుకున్నారు. అప్పుడు మూలనుంచి ఒక కుర్రాడు లేచి, నెదర్లాండ్స్‌లో సముద్రం కంటే కింద ఉన్న నేల ఉంది, మైనస్‌లో వేసుకోండి అన్నాడు.

కైలాసరావు గారు పెన్ను కింద పెట్టేశారు. ఇన్నేళ్ళ సర్వీసులో మైనస్ వేసినవాణ్ణి ఆయన చూడలేదు. లేచి వెళ్ళి ఆ కుర్రాడికి షేక్‌హ్యాండ్ ఇచ్చారు. ఎం.డీ. గారు కాసేపు ఆలోచించి, లోతు కూడా ఒక రకమైన ఔన్నత్యమే, కిందనుంచి చూస్తే, అన్నారు.

ఇక సంతకాలే తరువాయి అనగా కైలాసరావు గారు మామూలుగా అడిగే చివరి ప్రశ్న అడిగారు. సరుకు గొల్లపూడి గోడౌనుకి ఎప్పుడు చేరుస్తారు?

కుర్రాడు నవ్వాలా వద్దా అన్నట్టు చుట్టూ చూశాడు. నెదర్లాండ్స్‌ని గొల్లపూడి తేవడం కుదరదని నర్గీసే లేచి చెప్పింది, ఏ దేశమైనా జనమే అక్కడికి వెళ్ళాలిగానీ అది ఇక్కడికి రాదని కూడా చెప్పింది. కైలాసరావు గారు పుస్తకం తెరిచి చూపించారు. సరుకు గోడౌనులో దించి, లెక్కపెట్టి, రసీదు ఇస్తేనే కొన్నట్టు. అలా చేర్చలేనివాళ్ళ టెండర్లు చెల్లవు. వరసగా స్విట్జర్లాండు పోయింది, డెన్మార్కు పోయింది, మాల్దీవులు పోయాయి, మైనస్ కుర్రాడు పోయాడు, బ్లెడ్ కూడా పోయింది.

వెనక కుర్చీలోంచి బుల్లెబ్బాయి నిలబడ్డాడు.

"ఆయ్, నేను చేరుస్తానండి. ఒక కొండ, ఒక సరస్సు, గోడౌన్లోనే దింపేస్తాను. విదేశీ సరుకే ఇస్తానండి, గ్యారంటీ."

ఆ రాత్రి హంసవేణి అన్నం తినలేదు. పిన్ని స్వెట్టరుని పాలిథిన్ కవర్లో మడతపెడుతూ, ఆ బుల్లెబ్బాయి ఏ దేశంనుంచి తెస్తాడో, సరస్సు లారీలో వస్తుందా ట్యాంకర్లో వస్తుందా అని అడిగింది. వెక్కిరించడానికి కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. హంసవేణికి ఏడుపొచ్చింది అందుకే.

సరుకు చెప్పిన రోజుకి దిగింది. ఆఫీసంతా రెండు బస్సుల్లో గొల్లపూడి వెళ్ళింది. విదేశయాత్ర కాబట్టి ఉన్నివి వేసుకురావాలని ఎం.డీ. గారి సర్క్యులరు. మఫ్లర్లు, మంకీక్యాపులు, శాలువాలు. డ్రైవరు గ్లవ్స్ వేసుకుని స్టీరింగు పట్టుకున్నాడు. గోడౌను వెనక ఖాళీస్థలంలో బుల్లెబ్బాయి బంగ్లాదేశ్ గోనె బేళ్ళు గుట్టగా పేర్పించి, పైన సున్నం చల్లించాడు. అదే విదేశీ పర్వతం. దాని ముందు గొయ్యి తవ్వి, నల్ల టార్పాలిన్ పరిచి, ట్యాంకరు నీళ్ళు నింపాడు. అదే సరోవరం. సరోవరం టార్పాలిన్ కూడా దిగుమతి సరుకేనని లేబులు తిప్పి చూపించాడు. మధ్యలో దీవికోసం తిరగేసిన బకెట్టు ఒకటి ఉంది.

పైన ఎండ మండిపోతోంది. ఎం.డీ. గారు రిబ్బను కత్తిరించి, అందర్నీ ఒడ్డున నిలబెట్టి, కళ్ళు మూసుకోమన్నారు. కళ్ళు మూసుకున్నాక ఏ సరస్సైనా ఒకటేనని, ఈ సత్యం ట్రైనింగులో తనకి మూడోరోజున తెలిసిందని చెప్పారు. కాసేపాగి ఔన్నత్యం వస్తోందా అని అడిగారు. వకుళ గారు వస్తోందన్నారు, ఆవిడకి కళ్ళు తిరుగుతున్నాయి. యూనియన్ నాయకుడు కొండెక్కి ఫోటో దిగాడు. క్యాషియరు మాత్రం నిజంగానే తృప్తిపడ్డాడు, నడవాల్సిన పనే లేకపోయింది.

హంసవేణి నెమలికంఠం స్వెట్టరులో ఉడికిపోతూ బకెట్టు దీవిని చూస్తూ నిలబడింది. ఇంకాసేపట్లో కైలాసరావు గారు రసీదుమీద సంతకం పెడతారు. సరుకు అందినట్టు, యాత్ర అయిపోయినట్టు, ఆమె సర్వీసులో ఒకే ఒక్కసారి దక్కే కొండా సరస్సూ దక్కినట్టు. ఆయన అప్పుడే పెన్ను మూత తీస్తున్నారు. గోడౌను గుమ్మం దగ్గర, సంచుల బేళ్ళు దిగినప్పుడల్లా వాడే తేమ మీటరు మేకుకి వేలాడుతోంది. అది కనపడగానే హంసవేణి కళ్ళజోడు సర్దుకుంది. ఒక్క అంగలో వెళ్ళి మీటరు తీసుకొచ్చింది.

"సార్, తేమ చూడకుండా సంతకమా?"

కైలాసరావు గారు అక్కడికక్కడే ఆగిపోయారు. ఆయన ముఖంలో సిగ్గు కనిపించింది, ఇన్నేళ్ళలో మొదటిసారి. ఎండకి బుర్ర పనిచేయలేదమ్మా అని గొణిగి, మీటరు తనే అందుకుని, ఒడ్డున గొంతుక్కూర్చుని దాని రెండు ముళ్ళనీ సరోవరంలో గుచ్చారు. మీటరు సూది ఒక్క ఊపున చివరికంటా పోయి అక్కడే ఉండిపోయింది. ఆయన తీసి, చొక్కాకి తుడిచి, మళ్ళీ గుచ్చారు. మళ్ళీ అంతే.

"బుల్లెబ్బాయి గారూ, సరుకు పూర్తిగా తడిగా ఉంది."

"సరస్సండి బాబూ. తడిగా కాక ఎలా ఉంటుందండి?"

"అది టెండరు వేసేముందు ఆలోచించుకోవాలి."

బుల్లెబ్బాయి ఎం.డీ. గారివైపు చూశాడు. ఎం.డీ. గారు ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నారు. కైలాసరావు గారు బీరువాలోని సీసానీ రాయినీ కూడా తెప్పించి సరోవరం పక్కన పెట్టారు. సీసాలో నీళ్ళు తేటగా, టార్పాలిన్లో నీళ్ళు టీ డికాషన్లా ఉన్నాయి. తెల్లరాయికీ బేళ్ళకీ అసలు పోలికే లేదు. రసీదు చించేసి, సరుకు తిరస్కరించడమైనది అని ఎర్రసిరాతో రాశారు. కొండని సాయంత్రంలోగా ఎత్తేయమన్నారు. సరస్సుని హమాలీలు బకెట్లతో తోడి కూరగాయల మడికి పోసేశారు.

మర్నాడు ఎం.డీ. గారి గదిలో కైలాసరావు గారు ఎర్రగుడ్డ మళ్ళీ విప్పారు. హంసవేణి రాత్రంతా ఆ పుస్తకం చదివింది, ఏ పేజీ వస్తుందో ఆమెకి తెలుసు, అయినా ఏమీ ఎరగనట్టు నిలబడింది. ఒకసారి సరుకు తిరస్కరించాక మళ్ళీ టెండరు అక్కర్లేదు, ప్రామాణిక నమూనా ఎక్కడిదో అక్కడి సరుకునే తీసుకోవాలి. అయితే మళ్ళీ మోసం జరగకుండా, లోపం కనిపెట్టిన ఉద్యోగి స్వయంగా లోడింగు స్థలానికి వెళ్ళి, తనిఖీ చేసి, అన్నీ సరిగ్గా ఉన్నాయని రాసిస్తేనే సరుకు అక్కడినుంచి కదలాలి.

"అంటే ఈ అమ్మాయి ఆ దేశం వెళ్ళాలా?" అన్నారు ఎం.డీ. గారు. "ఒక్కత్తే?"

"యాత్రకి కాదు సార్, డ్యూటీకి. యాత్ర సరుకు వచ్చాకే. మనందరం గొల్లపూడిలోనే చూస్తాం," అన్నారు కైలాసరావు గారు. తర్వాత హంసవేణివైపు తిరిగి, కాస్త జాలిగా, కష్టమే కానీ తప్పదమ్మా అన్నారు. హంసవేణి తల వంచుకుని, డ్యూటీ అన్నాక తప్పుతుందా సార్ అంది. తల ఎత్తితే నవ్వు కనపడిపోతుందని ఆమె భయం.

వీసా ఇంటర్వ్యూలో ప్రయాణ కారణం అడిగితే సరుకు తనిఖీ అని చెప్పింది. ఏ సరుకు అంటే సరస్సు అంది. ఆఫీసు ఉత్తరం మూడు సీళ్ళతో ఉండేసరికి అక్కడి మనిషి దాన్ని రెండుసార్లు చదివి, తనకి తెలియని శాస్త్రమేదో అనుకుని స్టాంపు కొట్టేశాడు. పిన్ని స్వెట్టరుని పెట్టెలో అన్నిటికంటే పైన పెట్టింది. ఎయిర్‌పోర్టు గుమ్మం దగ్గర పోలీసు తేమ మీటరుని చూసి ఇదేంటని అడిగితే వంకాయలు పచ్చిగా ఉన్నాయో లేదో చూసేదని పిన్నే చెప్పేసి పంపించింది.

బ్లెడ్ చేరేసరికి పొద్దెక్కింది. బస్సు దిగి, మలుపు తిరిగితే, ఉంది. ఫైలు మూసి ఇంకో ఫైలు తెరిచేలోగా కనిపించేది ఇప్పుడు ఎంతసేపటికీ పోవడం లేదు. నీళ్ళు, దీవి, సూదిలాంటి చర్చి, కోట, వెనక కొండలమీద మంచు, అదంతా మళ్ళీ తలకిందులుగా నీళ్ళలో ఇంకోసారి. హంసవేణి అక్కడే ఒక బెంచీమీద కూర్చుండిపోయింది. చలికి ముక్కు ఎర్రబడింది, స్వెట్టరు మొదటిసారి దాని పని అది చేసింది. కాసేపు ఊరికే చూసి, తర్వాత కళ్ళు మూసుకుని చూసింది. చాలా తేడా ఉంది. వెంటనే తెరిచేసింది.

తెడ్డు వేసే పడవలో దీవికి వెళ్ళి, మెట్లెక్కి, గంట తాడు పట్టుకుని లాగింది. గంట మోగింది. ఏం కోరుకుందో ఎవరికీ చెప్పలేదు. తిరిగొచ్చాక ఒడ్డున రాళ్ళమీద గొంతుక్కూర్చుని, గోడౌన్లో కైలాసరావు గారు చేసినట్టే, మీటరు ముళ్ళు రెండూ బ్లెడ్ సరస్సులో జాగ్రత్తగా గుచ్చింది. పక్కన బాతులకి రొట్టె వేస్తున్న ఒక ముసలాయన ఆమెని చూసి గౌరవంగా టోపీ ఎత్తాడు. ఆమె ఆఫీసుకి ఫోను చేసింది. కైలాసరావు గారు మొదటి రింగుకే ఎత్తారు.

"నమూనాతో సరిపోయిందా అమ్మా?"

"అచ్చుగుద్దినట్టుందండి. రాయి కూడా అదే."

"రంధ్రాలు?"

"కనపళ్ళేదండి."

"మరి తేమ?"

హంసవేణి మీటరువైపు చూసింది. "సూది చివరికంటా పోయిందండి."

అటువైపు ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపించాయి. ఆఖరికి ఆయన గొంతు వచ్చింది. అందులో బాధ ఉంది, ఒక మంచి సరుకు చిన్న లోపంతో ఆగిపోయినప్పుడు ఉండే బాధ.

"తొందరపడి వదిలేసి రాకమ్మా, సరుకు మంచిదే. ఇరవై రెండుకి దిగేదాకా అక్కడే ఉండు. రోజూ పొద్దున్నా సాయంత్రం గుచ్చి చూసి చెప్పు. ఆరాక లోడింగు పెట్టిద్దాం."

"అలాగేనండి," అంది హంసవేణి. అప్పుడే కొండలమీంచి ఒక మబ్బు దిగి దీవిని కప్పేసింది, నీళ్ళమీద చినుకులు సన్నగా వలయాలు గీయడం మొదలుపెట్టాయి. ఆమె స్వెట్టరు కాలరు పైకి లాక్కుంది.

"సార్, ఇక్కడ వాన మొదలైంది."

"అయ్యయ్యో," అన్నారు కైలాసరావు గారు. "అయితే ఇంకో నెల వేసుకో."